రోజీ పగటి నిద్ర

రోజీ నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లి లిడియా వంటింట్లో ఉప్మా కలుపుతోంది. నర్సు కూతురు ఇంట్లో ఉండగా షుగర్ ఉన్న తండ్రికి ఇంకెవరు ఇన్సులిన్ ఇస్తారు? రోజీ జకరయ్యకు సూది వేసి, రెండు ముద్దలు నోట్లో వేసుకుని మంచమెక్కింది. కన్ను అంటుకుందో లేదో, ప్రార్థనకని చర్చి ఆడవాళ్లు వచ్చారు.

లిడియాకు తల కొట్టేసినట్టయింది. నైట్ డ్యూటీ జీతం అందరికీ ముద్దే గానీ, పెళ్లి కావలసిన పిల్ల పొద్దెక్కినా ముసుగుతన్ని పడుకుంటే ఎవరికీ గిట్టదు.

"లే బిడ్డా, పాస్టరమ్మ వచ్చింది. జర మొఖం కడుక్కొని రా."

"వారం సంది గిట్లనే లేపుతున్నవ్. పండుకోనియ్యే అమ్మా."

"నిద్రదేమున్నది, ఎప్పుడన్నా పోవచ్చు. లే!"

రోజీ లేచింది. చాయ్ ఇచ్చింది, పాట పాడింది, అడిగినవాళ్లందరికీ నవ్వుతూ జవాబు చెప్పింది. వాళ్లు వెళ్లగానే మళ్లీ సూది పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"పొద్దుగాల ఇచ్చినవ్ గద బిడ్డా?" అన్నాడు జకరయ్య.

"లేదు డాడీ, ఇప్పుడే ఇస్తున్న."

తనే మరిచిపోయానేమో అనుకుని ఆయన చొక్కా పైకెత్తాడు. పక్క గదిలో ఉన్న లిడియా ఆ మాట వింది, పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి జకరయ్య చెమటతో తడిసిపోయాడు, పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాడన్నాడు డాక్టరు.

వరండాలో లిడియా కూతురి మీద విరుచుకుపడింది. "మీ డాడీ ఇచ్చినవని చెప్తనే ఉండె గద! నర్సువైతివి, గంత సోయి లేదానే? మనిషే పోతుండె!"

రోజీ ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు. "మొదటి సూది ఇచ్చింది నాకు యాదికే లేదమ్మా. నిద్ర చాలకుంటే, కండ్లు తెరిచి ఉండంగనే మెదడు జరసేపు పండుకుంటది. చేతులు పని చేస్తయ్, మనిషి ఉండదు. పొద్దంత జమైన చెత్త మెదడు కడుక్కునేది నిద్రలనే అంటరు. చూసినయి, చేసినయి యాదిల కుదురుకునేది గూడ నిద్రలనే. ఇవన్నీ చదివిన, రోగులకు చెప్త. నాకే దొరకదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"పండుకోనియ్యి అన్న గదమ్మా, రోజూ." రోజీ తన చేతుల వైపు చూసుకుంది. "వీటిని చూస్తే భయమైతుంది. ఇగ నేనెవ్వరికీ సూది ఇయ్య."

పరువు కోసం దులిపి దులిపి లేపిన పొద్దులన్నీ లిడియాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

సాయంత్రానికి జకరయ్య కళ్లు తెరిచాడు. "బిడ్డ ఏది? దాన్నేమనకు లిడియా" అన్నాడు నీరసంగా.

లిడియా బయటికి వచ్చింది. రోజీ బల్ల మీద ముడుచుకుని నిద్రపోతోంది. నిద్రలోనే పెదవులు కదిలాయి. "ఇచ్చిన్నా డాడీ... ఇయ్యలేదా..."

లిడియా ఆ తలను ఒళ్లోకి తీసుకుంది. కన్నీళ్లు ఆగలేదు. "తప్పు నాది బిడ్డా, నీది కాదు" అంది.

రోజీకి వినపడలేదు. వినపడాలంటే లేపాలి. లేపడానికి ఆ తల్లికి చెయ్యి రాలేదు.