లెక్కకి పదకొండు మంది

కాలిబో విమానాశ్రయం నుంచి కాటిక్లాన్ రేవుకి వ్యాను తోలబట్టి పధ్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో నేను భయపడింది ఒక్కదానికే, ద్వీపానికి పోయే ఆఖరి పడవకి. సముద్రం కోసం వచ్చేవాళ్లకి సముద్రం దాకా ఓపిక ఉండదు. విమానం దిగ్గానే కాళ్లు ఇసుకలో పడాలి. మధ్యలో రెండు గంటల రోడ్డు ఉంటే, దాన్ని నేనే వేయించినట్టు నా మీద అరుస్తారు.

ఆ రోజు పొద్దున బెర్టింగ్ శవం దగ్గరికి వెళ్లాను. నాతోపాటు వ్యాను తోలినవాడు, ఏనుగులాంటి మనిషి. నాలుగు రోజుల కిందట స్టీరింగు ముందు కూచునే పోయాడు. పూడ్చేదాకా శవాన్ని రోజుల తరబడి ఇంట్లోనే ఉంచి జాగారం చేయడం మా ఆచారం. ముందుగదిలో శవపేటిక, కొవ్వొత్తులు. బయట టార్పాలిన్ కింద పేకాట, కాఫీ, బిస్కెట్లు. వాళ్లావిడ నా కళ్లముందే అతని చొక్కా జేబులో పాత పెసో నాణెం ఒకటి పెట్టింది. అది అందరికీ తెలిసిన నాణెమే. మా వైపు బండిలో దిగాల్సిన చోటు రాగానే నాణెంతో పైన ఇనప కడ్డీ మీద రెండుసార్లు కొడతారు. టక్ టక్. డ్రైవరు ఆపుతాడు. బెర్టింగ్ సెలవురోజున నా బండెక్కితే ఆ పెద్ద నాణెంతోనే కొట్టేవాడు.

"ఈ చప్పుడు వింటే నిద్రలో కూడా బ్రేకేస్తావురా డెన్సియో" అని నవ్వేవాడు.

పేటిక అద్దంలోంచి అతని మొహం చూడలేకపోయాను. నా కొడుకు కడుపులో ఉండగానే జ్ఞానస్నానం నాడు వాణ్ణి ఎత్తుకుని నిలబడే జ్ఞానతండ్రివి నువ్వేనని బెర్టింగ్‌కి మాటిచ్చాను. తీరా పుట్టాక మా వ్యాన్ల యజమాని నోరు తెరిచి అడిగితే ఆయనకి ఇచ్చేశాను. పెద్దవాళ్ల నీడ పిల్లాడికి మంచిదనుకున్నాను. బెర్టింగ్ సరేనని తల ఊపాడు. "పోనీ, ఒక్కసారి పిల్లాణ్ణి చూపించవా?" అని మాత్రం అడిగాడు. మొహం చెల్లక, జ్ఞానస్నానం అయ్యాక చూద్దువులే అన్నాను. వచ్చే ఆదివారమే ఆ జ్ఞానస్నానం.

నేను బయల్దేరేటప్పుడే నా భార్య మెర్లి హెచ్చరించింది. "చావింటి నుంచి నేరుగా ఇంటికి రాకు. నలుగురున్న చోట కూచుని కాఫీ తాగి రా. వెంటబడి వచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంట్లో మూడు వారాల పసిగుడ్డు ఉన్నాడు, ఇంకా నీళ్లు కూడా పడలేదు వాడి నెత్తిన."

"తెలుసులేవే, నేనేం నిన్న పుట్టానా" అన్నాను.

కాఫీ తాగే యోగం ఉంటే కదా. ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. గాలి ఎక్కువగా ఉంది, ఆఖరి పడవ అయిదున్నరకే అట, పరిగెత్తు అన్నారు. పరిగెత్తాను. విమానాశ్రయంలో కాపలావాడు ఈల వేస్తూ నన్ను సీట్లోంచి లేవనివ్వలేదు. లోపల మా బేరం వాళ్ల పెట్టె ఒకటి రాలేదని గంటసేపు పోట్లాట. మనీలా కుటుంబం, పదకొండు మంది. ఎనభయ్యో పుట్టినరోజు చేయడానికి పాసింగ్ మామ్మని ద్వీపానికి తీసుకెళుతున్నారు. పెత్తనమంతా ఆమె కొడుకు అర్నుల్ఫోది, ఇంజనీరట. పెట్టె దొరికేసరికి మూడున్నర.

"ఇంకా కూచున్నావేమయ్యా, పద!" అన్నాడు, ఆలస్యం చేసింది నేనైనట్టు.

రేవులో పేర్లూ వయసులూ రాసిన జాబితా ఇవ్వాలి, తలలు సరిపోవాలి. మామ్మ నా పక్క సీట్లో. వెనక పదిమంది ఉండాలి. అద్దంలో లెక్కపెట్టాను. పదకొండు. మళ్లీ పెట్టాను. పదకొండు. కిందకి దిగి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టాను. పది.

"మేమేమన్నా కోడిపిల్లలమా?" అంది వెనక నుంచి ఎవరో అమ్మాయి. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సీట్లోకి వచ్చి అద్దంలో చూస్తే మళ్లీ పదకొండు... నిద్రలేని కళ్లని తిట్టుకుని బండి తీశాను.

వాన మొదలైంది. అద్దాలు మూసేశారు. తడిబట్టల వాసన, చిప్స్ వాసన. కాసేపటికి వాటి కింద నుంచి ఇంకో వాసన. కరిగిన కొవ్వొత్తిది. నా చొక్కాకే అంటుకుని ఉంటుందనుకున్నాను.

ఇబాజే ఊరు దాటాక మా చర్చి వస్తుంది. దాని ముందుకి రాగానే...

టక్ టక్.

నా కాలు బ్రేకు మీద పడింది. వెనక పెట్టెలు దొర్లాయి.

"ఎవరు దిగుతారు?" అన్నాను.

"ఎవరు దిగుతారేంటయ్యా? దిగేది రేవులో!" అర్నుల్ఫో కేకేశాడు.

"ఎవరో నాణెంతో కొట్టారు సార్."

"ఎవరి దగ్గరా నాణెం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటా? నువ్వు నడుపు."

నేను మాట తప్పకపోతే వచ్చే ఆదివారం పిల్లాడితో ఆ మెట్ల మీద నిలబడాల్సినవాడు బెర్టింగ్. ఆ సంగతి తలపుకొచ్చి, మెట్ల వైపు చూడకుండా బండి తీశాను. ఆ తర్వాత నాలుగు మైళ్లకి మేమంతా కాఫీ తాగే పాక కనిపించింది. సిగ్గు విడిచి బతిమాలాను.

"రెండే నిమిషాలు సార్. ఒక్క గుక్క తాగి వస్తాను."

"పడవ పోతే మా అమ్మని నీ భుజాల మీద ఎక్కించుకుని ఈదుకుంటూ పోతావా?"

"సార్, పొద్దున చావింటి నుంచి వచ్చాను. ఎక్కడా ఆగలేదు."

ఆ మాటకి వెనక ఒకావిడ సిలువ గుర్తు వేసుకుంది. వాళ్లకీ తెలుసు ఆ పట్టింపు, ఎంత మనీలా వాళ్లయినా. కానీ గడియారం గెలిచింది. "రేవులో తాగుదువులే" అన్నాడు అర్నుల్ఫో, గొంతు తగ్గించి. పాక వెనక్కి వెళ్లిపోయింది. బండి నాది కాదు, టైము నాది కాదు, ఆఖరికి గుక్కెడు కాఫీ కూడా నా చేతిలో లేదు.

మామ్మ నావైపు వంగింది. గుసగుసగా అడిగింది.

"నాయనా... వెనక వరసలో ఆ లావుపాటాయన మీవాడా?"

"ఏ... లావుపాటాయన?"

"ఎక్కినప్పట్నించీ పలకడు. మావాళ్లు ఆయన్ని ఆనుకునే కూచున్నారు, ఒక్కరూ జరగమనరేం?"

అద్దంలోకి చూడకూడదనుకున్నాను. చూడలేదు. కొవ్వొత్తి వాసన మెడ దాకా వచ్చింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. రోడ్డు వంపు తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది... రేవుకి పోయే ఈ రోడ్డు మీదే నా ఇల్లు.

గేరు మార్చాను. వేగం పెంచాను. ఆగకుండా దాటిపోవాలి. ఏం వినిపించినా ఆగకూడదు. కొబ్బరి మిల్లు పోయింది. చిల్లరకొట్టు పోయింది. మా పచ్చ గేటు కనబడింది.

టక్ టక్.

ఒట్టేసి చెబుతున్నాను, నేను వెయ్యలేదు బ్రేకు. పధ్నాలుగేళ్ల అలవాటు వేసింది. బండి మా గేటు ముందు సరిగ్గా ఆగింది.

పక్క తలుపు జరిగింది. వాన లోపలికి కొట్టింది. బండి ఒకపక్కకి ఒరిగి... మళ్లీ మెల్లగా పైకి లేచింది. బరువైన మనిషి మెట్టు దిగితే లేచినట్టు.

ఎవరూ దిగలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరూ దిగలేదు.

"తలుపు గడియ కూడా సరిగ్గా లేదు ఈ డొక్కు బండికి!" అర్నుల్ఫో తలుపు లాగి దబ్బున మూశాడు. "అయిదు దాటింది, పదవయ్యా బాబూ!"

కిటికీలో మెర్లి నిలబడి ఉంది, భుజాన పిల్లాడు. నా బండి చూసి చెయ్యి ఊపింది. నేను దిగి ఉండాల్సింది. పడవ పోతే పోయిందని, వీళ్లు ఏం చేసుకుంటారో చేసుకోమని దిగి ఉండాల్సింది. వెనక పదిమందీ ఒక్కసారి అరుస్తుంటే, పిరికివాణ్ణి, గేరు వేశాను.

దారంతా మెర్లికి ఫోను చేశాను. మోగింది. తియ్యలేదు.

రేవుకి అయిదూ ఇరవైకి చేరాం. పడవ లేదు. అల పెద్దగా ఉందని అవతలే ఆపారట, ఇంకో గంట పడుతుందట. ఒక గంట! పది కాఫీలు తాగేవాణ్ణి. తల రేవు స్తంభానికేసి కొట్టుకోవాలనిపించింది. అర్నుల్ఫో నా మొహం చూడకుండా చిప్స్ పొట్లం విప్పాడు.

గుమస్తా జాబితా తీసుకుని తలలు లెక్కపెట్టాడు. "పదకొండు. సరిపోయింది" అన్నాడు.

నేనూ లెక్కపెట్టాను. అద్దంలో కాదు, ఎదురుగా. తర్వాత ఖాళీ బండెక్కి, వరసలో నిలబడ్డవాళ్లని అద్దంలో కూడా లెక్కపెట్టాను. పదకొండు. పన్నెండు వచ్చి ఉంటే ఎంత బాగుండేది. బెర్టింగ్ ఇంకా నా దగ్గరే ఉన్నాడని ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

మామ్మ కిటికీ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పో నాయనా. తొందరగా పో" అంది.

ఎలా వచ్చానో తెలీదు. గేటు మూసే ఉంది. ఇంట్లో దీపం వెలుగుతోంది. అన్నం ఉడుకుతున్న వాసన. మెర్లి వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఫోను ఎందుకు తియ్యలేదే?"

"ఛార్జింగులో పెట్టి మర్చిపోయా. అలా ఉన్నావేం?"

"ఎవరైనా... వచ్చారా?"

"ఈ వానలో ఎవరొస్తారు?"

కుర్చీలో కూలబడ్డాను. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇనప మంచం మీద నా కొడుకు మేలుకునే ఉన్నాడు. ఏడవడం లేదు. గుమ్మం పక్కన, ఎవరూ లేని మూలకేసి కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"బుద్ధిగా ఉన్నాడు సాయంత్రం నుంచి" అంది మెర్లి, గరిటె కడుగుతూ. "కుడి పిడికిలి మాత్రం విప్పడు. నీ బండి ఆగింది చూడు, అప్పట్నించీ. పాలు తాగేటప్పుడు కూడా విప్పలేదు."

దగ్గరికి వెళ్లాను. గుప్పెడంత చెయ్యి, వేళ్లు తెల్లబడేలా బిగించి ఉన్నాడు. వేళ్ల సందులోంచి ఏదో మెరిసింది. కొవ్వొత్తి వాసన...

వాడు నన్ను చూశాడు. ఆ చెయ్యి మెల్లగా పైకెత్తి, మంచం కడ్డీ మీద ఆనించాడు.

టక్ టక్.

నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. గట్టిగా, ఇంకా గట్టిగా... అక్కడ బ్రేకు లేదు.