మూలిగే గది

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. గుమ్మంలో వాళ్ళూ లోపలికి రండి, అక్కడ దోమలు పీకుతాయి.

నందిగామ అవతల ఓ ఆసుపత్రి ఉంది. పేరెందుకు గానీ, దాని వెనకాల ఓ ఒంటిగది. కరోనా పోయాక, మళ్ళీ అలాంటి మాయరోగం వస్తే రోగిని విడిగా ఉంచడానికి కట్టారు. కట్టారు, తాళం వేశారు, మర్చిపోయారు.

చీకటి పడితే ఆ గది మూలిగేది… హూఁ… అని. తలుపు తెరిస్తే లోపలినుంచి ఎవరో లాక్కుని ధడాలున మూసేసేవాళ్ళు. కరోనాలో ఊపిరాడక పోయినవాళ్ళే అన్నారు జనం. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడాయి.

ఓ సాయంత్రం నర్సు ప్రమీలారాణికి డాక్టరుగారి ఫోను. వరసగా రెండు డ్యూటీలు చేసి, చెప్పుల్లో పట్టనంతగా కాళ్ళు వాచిపోయి ఉందావిడ.

"జగ్గయ్యపేట నుంచి అంబులెన్సు వస్తోందమ్మా. అంటుకునే జ్వరంలా ఉంది. వెనక గది తెరిపించు. పక్కనే బాలింతల వార్డు… జాగ్రత్త."

వాచ్‌మన్ బ్రహ్మయ్య తాళాలు తెచ్చాడు గానీ మెట్టెక్కడు.

"మీరు ముందెళ్ళండి సిస్టరుగారూ. నేను వెనక కాపు కాస్తా."

"వెనక నుంచి వచ్చేదేముందయ్యా! ఉంటే లోపలేగా."

తలుపు తెరిచింది. ఎవరూ లాగలేదు. స్విచ్చులన్నీ వేసింది. గోడలో ఎక్కడో గుర్‌మన్న చప్పుడు, అంతే. మూలుగు లేదు. హమ్మయ్య అనుకుని మంచం తుడిచింది, దుప్పటి పరిచింది.

అప్పుడు చూసింది — బ్రహ్మయ్య చెయ్యి చాపి గడప లోపల గుచ్చిన అగరొత్తి. దాని పొగ సన్నగా పాకుతూ… బయటికొస్తోంది. ఆవిడ ముఖమ్మీంచి, వరండా దాటి… బాలింతల వార్డు కిటికీ వైపు.

ఆవిడ ఒక్క అంగలో బయటికొచ్చింది. ట్రైనింగులో చెప్పారు, ఈ గదిలోకి గాలి పోవాలే గానీ గదిలో గాలి బయటికి రాకూడదు. వస్తే దాంతోపాటు రోగమూ వస్తుంది.

"బ్రహ్మయ్యా… ఈ గదినేం చేశావు?" గుసగుసగానే వచ్చింది గొంతు.

"మూలుగు ఆపేశానండీ! వెనక గొట్టంలోంచి వస్తోందని కనిపెట్టి, పసుపునీళ్ళలో ముంచిన గోనెసంచులు కుక్కా. మొన్నటి అమావాస్య నుంచి కిక్కురుమంటే ఒట్టు."

దూరంగా అంబులెన్సు కూత. ప్రమీలారాణి ఆ కాళ్ళతోనే వెనక్కి పరిగెత్తింది. ఒక సంచి… ఇంకొకటి… గోళ్ళు విరిగాయి. అడుగునున్నది ఊడివచ్చిందో లేదో —

హూఁ…

తలుపు ధడాలున మూసుకుంది! బ్రహ్మయ్య రోడ్డు మీద తేలాడు. ఆవిడ వచ్చి ఇంకో అగరొత్తి వెలిగించి తలుపు సందు దగ్గర పెట్టింది. పొగ వంగి, తోక ముడుచుకుని లోపలికి పోయింది.

దెయ్యం కాదర్రా, ఫ్యాను. గదిలో గాలి లాగి, జల్లెడ పట్టి, గొట్టంలోంచి వదులుతుంది. ఆ లాగుడుకే తలుపు మూసుకునేది. తుప్పు పట్టకుండా రోజూ చీకటిపడగానే కాసేపు దానంతటదే తిరిగేట్టు పెట్టారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు బదిలీ అయి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నిమ్మకాయలు కట్టారు.

ఆ జ్వరం మనిషి కోలుకుని ఇంటికెళ్ళేదాకా బాలింతల్లో ఒక్కరికీ ఒళ్ళు వెచ్చబడలేదు.

ఆ గది ఇప్పటికీ మూలుగుతుంది. రోగి ఉన్న రాత్రుళ్ళు ప్రమీలారాణి ఆ మూలుగు వింటూ కుర్చీలోనే కునుకు తీస్తుంది. అది ఆగిందా… ఉలిక్కిపడి లేస్తుంది.

ఇక లేవండి. అమ్మలు కంచాలు పెట్టి చూస్తుంటారు. చేతులు కడుక్కుని మరీ తినండి.