ముఖం చూడకుండా ఇచ్చిన కర్ర

బ్రినారన్ ఊళ్ళో రైలు వంతెనను ఎవరైనా ఒక్క మాటన్నా ఐర్లిస్ ఊరుకునేది కాదు. వేల్స్ కొండల నడుమ, లోయకు అడ్డంగా రాతి కమానుల మీద నిలబడ్డ పాత వంతెన అది. ఐర్లిస్ చిన్నప్పుడే రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు పీక్కుపోయారు. మిగిలినవి ముళ్ళపొదలు, కాకిగూళ్ళు. కూలగొట్టేస్తామని కౌన్సిల్ వాళ్ళంటే, పూలమొక్కలు వేసి పార్కు చేస్తామని ఐర్లిస్ పట్టుబట్టింది. వానలో తడుస్తూ గడప గడపా తిరిగి సంతకాలు పెట్టించింది. బడిలో వంట చేసి రిటైరైన మనిషి, వెనకాముందూ ఎవరూ లేరు. వంతెన కూడా పోతే తనకంటూ ఇంకేమీ మిగలదని ఆమె భయం. ఆ వచ్చే మంగళవారమే కౌన్సిల్లో ఓటింగు.

ఈ పోరాటంలో ఆమెకు తోడు గెథిన్. మాంసం కొట్టు అమ్మేసి ఖాళీగా కూచున్న పెద్దమనిషి, నోరు తెరిస్తే వేళాకోళమే. వంతెన గేటు పక్కనే ఆయనా, భార్య నెస్టా ఉండే ఇల్లు.

ఐర్లిస్ నాన్న ఆ లైనుకు ఆఖరి సిగ్నల్ మనిషి. ఒంటి లైను కాబట్టి, టోకెన్ కర్ర డ్రైవరు చేతిలో ఉంటేనే బండి వంతెన ఎక్కేది. కర్ర ఒక్కటే కనక ఎదురుగా ఇంకో బండి వచ్చే ప్రసక్తే లేదు. మూరెడు పొడవు, రెండు కొసలా ఇత్తడి పొన్నులు. లైను మూశాక ఆయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. పొదలు కొట్టడం మొదలుపెట్టినప్పుడు, వంతెన మధ్యలో పిట్టగోడ కూలి ఉండటం చూసి గెథిన్ అన్నాడు, "మీ నాన్న కర్ర పట్రా తల్లీ. అది చేతిలో ఉన్నవాడే పైకెక్కాలి. కౌన్సిల్ వాళ్ళు మన క్రమశిక్షణ చూసి మూర్ఛపోవాలి!" నవ్వులాటకు అన్నదే ఖాయమైపోయింది.

నాన్న మాత్రం ఆ కర్ర గురించి ఎన్నడూ నవ్వులాటగా మాట్లాడలేదు. "ముఖం చూడకుండా ఇవ్వకూడదమ్మా" అనేవాడు. "చెయ్యి చాపావంటే దారి ఇచ్చేసినట్టే."

ఆ శనివారం పని ముగిసేసరికి లోయలోంచి మంచు లేచింది. నవంబరు నెల, టీ తాగే వేళకే మసక కమ్మేస్తుంది. పొదలు కొట్టే సాయానికి వచ్చిన కుర్రాళ్ళూ ఆడవాళ్ళూ ఇళ్ళకు పోయారు. "రంపం వంతెన మధ్యలో మరిచిపోయాను, ఇంటికెళ్ళి టార్చి పట్టుకొస్తా. కర్ర రెడీగా పెట్టు" అని గెథిన్ వెళ్ళాడు.

ఐర్లిస్ గేటు దగ్గర వంగి, చిక్కుపడిన గొలుసు విప్పుతోంది. వెనక కంకర మీద అడుగుల చప్పుడు. తలెత్తకుండానే కర్ర ఉన్న చెయ్యి వెనక్కి చాపింది.

"ఇదుగో తీసుకో. తొందరగా రావయ్యా, చలికి చచ్చిపోతున్నాను."

ఎవరో అందుకున్నారు. వేళ్ళు వేళ్ళకు తగిలాయి. తడిగా, జిడ్డుగా ఉన్నాయి. బొగ్గు పొగ వాసన, కాగిన నూనె వాసన గుప్పుమన్నాయి. ఎవరింట్లోనో పొయ్యి రాజేశారనుకుంది. అడుగులు ఆమెను దాటి వంతెన మీదికి పోయాయి. నింపాదిగా, బరువుగా.

గొలుసు విప్పేసి తలెత్తింది. ఇంటివైపు నుంచి గెథిన్ వస్తున్నాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు.

"నెస్టా ఇచ్చింది, వేడిగా ఉన్నాయి తిను. కర్రేదీ?"

ఐర్లిస్ తన ఖాళీ చేతి వైపు చూసుకుంది.

"ఇప్పుడే... ఇచ్చాను కదా."

"ఎవరికీ? నా ఆత్మకా?" ఆయన పకపకా నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఎవడో తుంటరి వెధవ అయ్యుంటాడు. ఆ గోడ దగ్గర జారి పడ్డాడంటే మంగళవారం మన పని గోవిందా. ఉండు, చెవి పట్టి లాక్కొస్తాను."

"వద్దు గెథిన్! కర్ర లేకుండా వెళ్ళకు."

"ఆ రూలు పెట్టిందే నేను, నాకే చెప్తావా?"

వెళ్ళిపోయాడు. టార్చి వెలుగు మంచులో కాసేపు ఊగింది. "ఎవడ్రా అది?" అన్న కేక వినిపించింది. తరవాత వెలుగు లేదు. కేకా లేదు.

అప్పుడు కాళ్ళ కింద నేల అదిరింది. సన్నగా... లోపల్నుంచి... చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడితే, బండి వచ్చేటప్పుడు అదిరినట్టే.

పట్టాలు లేవు. ఏళ్ళ కిందటే పీకేశారు.

"గెథిన్?" అని గొణిగింది. ఫోను తీసింది. పోలీసులను పిలవాలి. పిలిస్తే దీపాలు, అంబులెన్సు, పేపర్లో ఫొటో. ఓటుకు ముందు వంతెన మీద ప్రమాదమని తెలిస్తే ఇక కూల్చివేతే. వేలు అంకె మీదే ఆగిపోయింది. ఒక్క నిమిషం చూద్దాం, అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నొక్కలేదు.

అదురు ఆగింది. అడుగులు వినిపించాయి. మంచులోంచి గెథిన్ టోపీ, గెథిన్ కోటు బయటికి వచ్చాయి. తల దించుకుని ఉన్నాడు. కర్ర ఆమె చేతిలో పెట్టి, పలక్కుండా దాటిపోయాడు.

"నీకు పుణ్యముంటుందయ్యా, ప్రాణాలు పోయాయనుకో!"

 ఆయన ఇంటి తలుపు తెరుచుకుంది. "ఇంతసేపా? లోపలికి రా, చలి కొడుతోంది" అంది భార్య నెస్టా గొంతు. తలుపు మూసుకుంది. ఐర్లిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్ర చంకలో పెట్టుకుని గేటు మూయబోయింది.

"ఐర్లిస్..."

వంతెన మీంచి. చాలా మెల్లగా.

"తల్లీ, టార్చి ఆరిపోయింది... కర్ర నీ దగ్గరికొచ్చిందా? నేను రావచ్చా?"

గెథిన్ గొంతే. ఐర్లిస్ ఇంటి కిటికీ వైపు చూసింది. దీపం వెలుగులో నెస్టా టీ పోస్తోంది. ఆమె ఎదురుగా, ఇటు వీపు పెట్టి, ఆ వచ్చిన మనిషి టోపీ తియ్యకుండా కూచుని ఉన్నాడు.

"ముఖం చూపించు" అంది. "గెథిన్, నీ ముఖం చూపించు..."

"దారి కనబడితే కదా... ఇక్కడంతా పొగ."

ఆమె గొలుసు చుట్టింది. తాళం వేసింది. పరుగెత్తింది.

మంగళవారం వంతెన గెలిచింది. ఊరంతా సంబరం చేసుకుంది. గెథిన్ రాలేదు. "పొయ్యి దగ్గర్నుంచి కదలడు" అంది నెస్టా. "జోకు లేదు, మాట లేదు. ఎంత బొగ్గు వేసినా చాలదంటాడు. నీకేమైనా చెప్పాడా ఐర్లిస్?" ఐర్లిస్ లేదంది. ఏమని చెప్పగలదు? ఇంట్లో ఉన్న మనిషిని తప్పిపోయాడని ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

వసంతంలో పార్కు తెరిచారు. ఎండ బాగా కాసింది. కొత్త పిట్టగోడ, డాఫడిల్ పూలు, బ్యాండు మేళం. గేటు ముందు రిబ్బను, దాని వెనక తోసుకుంటున్న పిల్లలు. కర్ర చేత్తో పట్టుకుని ముందు నిలబడమని అందరూ ఐర్లిస్‌ను బలవంతపెట్టారు. ఆమె దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

గెథిన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్ని నెలల తరవాత ఆమె ధైర్యం చేసి ఆ ముఖంలోకి చూసింది. గెథిన్ ముఖమే. గడ్డం మీది పుట్టుమచ్చతో సహా.

"దారి ఇవ్వు ఐర్లిస్. ఎదురు చూస్తున్నారు" అన్నాడు.

పిల్లల వైపు చూడటం లేదు. వంతెన వైపు చూస్తున్నాడు.

పూల వాసనలోంచి కాగిన నూనె వాసన వచ్చింది. ఆగండి అని అరుద్దామనుకుంది. అరిస్తే గేటు మూస్తారు, ఈసారి శాశ్వతంగా. నోరు తెరిచింది. అంతలో వంతెన మీంచి, చాలా దూరం నుంచి...

"ఇవ్వకు తల్లీ..."

బ్యాండు మోగింది. ఎవరో రిబ్బను కత్తిరించారు. కేరింతలు కొడుతూ పిల్లలు లోపలికి పరుగెత్తారు. ఐర్లిస్ కిందికి చూసుకుంది. చెయ్యి చాచి ఉంది. చేతిలో కర్ర లేదు, వేళ్ళకు తడి జిడ్డు అంటుకుని ఉంది.

గెథిన్ ఎదురుగానే నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

కాళ్ళ కింద నేల అదరడం మొదలైంది.