మామ్మ ఊఁ అంటే చాలు

పెళ్లికొడుకు అనిపించుకోవాలని ఎంతో ఆశపడి వచ్చిన నరసింగరావు, వచ్చిన రోజే ఆ ఇంటి పొయ్యి ఆర్పించాడు.

"పొద్దున్న ఏడినీళ్లు కావాలన్నావు, ఇప్పుడు పొయ్యే ఆర్పీమంటన్నావు. అన్నం సగమే ఉడికింది బావా!" పద్మకుమారి గరిటెతో సహా పెరట్లోకి వచ్చేసింది.

"పెట్రోలు తీస్తన్నాను. చుట్టుపక్కల నిప్పన్నది ఉండకూడదు."

"పాత గుడ్డలు పీకడానికి ఇంత హడావుడేటి? పట్టుకుని ఒక్క లాగు లాగీ!"

"లాగితే ఊడిపోడానికి ఇది నీ జడ రిబ్బనేటి? కింద చెక్క కూడా పొరలు పొరలుగా లేచొచ్చేస్తాది."

పద్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. ఆ తిప్పుడు చూసి నరసింగరావు చేతిలో పని కాసేపు మరిచిపోయాడు.

అది అరవై ఎనిమిది ఎండాకాలం. పద్మ తండ్రి సూరయ్య కోటబొమ్మాళికి ఒక ముసలి ఆస్టిన్ కారు కొని తెచ్చాడు. తలుపుల లోపలివైపు అతికించిన గుడ్డనీ రెక్సిన్నీ ఎలకలు కొట్టేశాయి. అవి మార్చడానికి విజయనగరంలో సీట్ల షాపున్న నరసింగరావుని పిలిపించాడు. అతను దూరపు వరసకు బావే, కలకత్తాలో పుట్టి పెరిగినవాడు. పద్మని తనకిమ్మని ఉగాదికే అడిగాడు. "మాయమ్మ ఊఁ అంటే నాకేటీ అడ్డు నేదు," అన్నాడు సూరయ్య. ఆ అమ్మ, దేముడమ్మ, ఇంతవరకూ ఊఁ అనలేదు.

తలుపులు రెండూ విప్పి పెరట్లో పరిచాడు. చెక్క మీది గుడ్డని పొద్దున్నే వేడి తడిగుడ్డతో నానబెట్టి, మొండి వెదురుబద్దతో మెల్లగా లేపేశాడు. రేకు మీది రెక్సిను రబ్బరు సొల్యూషనుతో అంటించినది. దానికి పెట్రోలే గతి.

దేముడమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పెదాల మధ్య చుట్ట ముక్క, దాని చివర నిప్పు లేదు. తన మాటకి విలువిచ్చి ముట్టించుకోలేదని నరసింగరావు కరిగిపోయాడు.

"మామ్మా, పని బాగున్నాదా?"

"ఊఁ."

అతనికి ధైర్యం వచ్చింది. "నేను నచ్చానా?"

"ఊఁ."

"అయితే పద్మని నాకిచ్చీ మామ్మా!"

"ఊఁ."

నరసింగరావుకి ఒళ్లు తెలియలేదు. పెట్రోలు గుడ్డ చేతిలో ఉండగానే దండం పెట్టడానికి ముందుకు వంగాడు. దీవించడానికి దేముడమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

లోపలి కొస ఎర్రగా కణకణలాడుతోంది.

అక్కడి ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని కలకత్తా పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి అది నిప్పని తోచనే లేదు. పొయ్యి ఆర్పే ముందు ఆఖరి కణికతో ఆ చుట్ట ముట్టించి ఇచ్చింది పద్మే.

నరసింగరావు గుడ్డని గోడవతలికి విసిరేసి, పెట్రోలు గిన్నె గుండెకి హత్తుకుని వీధిలోకి లగెత్తాడు. పద్మ బిందెడు నీళ్లు తెచ్చి మామ్మ నెత్తిన గుమ్మరించింది.

"ఒసే, నా సుట్ట!" అని ముసలమ్మ గొల్లుమంది.

నరసింగరావు గిన్నెని వీధిలోనే పెట్టేసి రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఏటడిగావురా ఇందాక? పెట్రోలు కంపుకి బుర్ర తిరిగిపోయి అన్నిటికీ ఊఁ అనీసినాను."

అతని మొహం వాడిపోయింది. "అయితే అది లెక్క కాదా మామ్మా?"

"గిన్నట్టుకుని ఎందుకెల్లావు?"

"నువ్వు కాలిపోతావని."

దేముడమ్మ తడిసిన కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తుడవడం కాస్త ఎక్కువసేపే పట్టింది.

"నా పెళ్లి కాడినుంచీ నోట్లో నిప్పెట్టుకు తిరుగుతన్నాను. కాలిపోతానని ఒక్కడూ పరిగెట్టనేదు. ఇప్పుడడుగు."

"పద్మని ఇస్తావా?"

"ఊఁ."

"నన్నెవలూ అడగరేటి?" అంది పద్మ, ఖాళీ బిందె చంకలో పెట్టుకుని.

నరసింగరావు అడిగాడు. పద్మ తలొంచుకుని, పెదాలు బిగించి, "ఊఁ," అంది.

"అలాక్కాదు. ఈ ఇంట్లో ఊఁ అంటే నాకు భయం. నోరు తెరిచి చెప్పు."

పద్మ ఫక్కున నవ్వేసింది. "సూసుకో బావా, నిప్పు నేదు. నిన్నే సేసుకుంటాను. ఆ గిన్నె వీధిలోనే ఉండనీ, నానెల్లి పొయ్యి ముట్టిస్తాను."