ఖల్లికోట లేతు నంబరు

రామచంద్రరావు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళు మామూలుగా ఏడుస్తూనో వణుకుతూనో వస్తారు. పుణ్యవతి మాత్రం మండిపడుతూ వచ్చింది. 1958 మార్గశిరం, బరంపురం పెద్ద బజారులో అప్పుడే కొట్లు తెరుస్తున్నారు. ఖల్లికోట నుంచి పొద్దుటి రైలు దిగి తిన్నగా మేడెక్కిన ఆమె, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆడమనిషి అరచేతులకు అంత ఇంజను చమురేమిటా అని సహాయకుడు బాబూరావు కళ్ళప్పగించి చూశాడు.

"నా లేతు నాది కాదంతన్నారు బాబూ. శుక్రోరం తాసిల్దారుగారొచ్చి దాన్ని కొడల నీలకంఠానికి అప్పగించేత్తారట. అదెల్లిపోతే నాకు బతుకుదెరువు నేదు."

విషయం ఇదీ. ఆమె భర్త సూరన్న ఖల్లికోట ఎస్టేటు వర్క్‌షాపులో మేస్త్రీ. జమీందారీ రద్దయినప్పుడు, ఇనుమును తరిమెన పట్టే, కాలితో తొక్కే ఒక పాత ఇంగ్లీషు లేతు మిషనును ఎస్టేటువారు ఆయనకు బహుమానంగా ఇచ్చి, దాని నంబరు 1873 అని కాగితం కూడా రాసిచ్చారు. సూరన్న పోయాక పుణ్యవతే ఆ లేతు తొక్కి, చిలికా పడవలకు ఇనుప పిన్నులు తీసి బతుకుతోంది. ఇప్పుడు కొడల ఊళ్ళో పాత మిషన్ల వ్యాపారి నీలకంఠం, తాను వేలంలో కొన్న 2216 నంబరు లేతు దొంగతనమైందనీ, అదే ఇదనీ ఫిర్యాదు చేశాడు. తీరా చూస్తే లేతుకున్న ఇత్తడి రేకు మీద 2216 అనే ఉంది!

"మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాడు రామచంద్రరావు.

"ఏసంగిలో పళ్ళచక్రం ఇరిగింది బాబూ. మాయన శిష్యుడు లక్ష్ముడికి షెడ్డు తాళమిచ్చి, మార్కండిలో మా అప్ప కాడికెల్లాను. కొత్త చక్రం తెచ్చినోడు నీలకంఠం కొట్టులో మెకానిక్కు, దేముడు. ఆడూ రెండ్రోజులున్నాడట. నేనొచ్చి సూస్తే లేతు తళతళలాడతంది. సంబరపడిపోయాను. రేకు ఎవుడు సూసాడు?"

"ఇంకేముంది సార్, దేముడే," అని బాబూరావు అక్కడికక్కడే కేసు తేల్చేశాడు. రామచంద్రరావు కండువా భుజాన వేసుకున్నాడు.

మొదట కొడల వెళ్ళారు. నీలకంఠం గోదాములో పాత మిషన్లన్నీ ఆకుపచ్చ రంగు పూసుకుని వరసగా నిలబడ్డాయి. దేముడు ఒక దాన్ని ఉలితో గోకుతున్నాడు. ఎండిన పసుపూ కుంకుమా పెచ్చులుగా రాలుతున్నాయి.

"పూజ బొట్టు గోకేస్తున్నావే, తప్పు కాదూ?" అన్నాడు రామచంద్రరావు.

"అమ్మే సరుక్కి బొట్టేటి బాబూ. రాగానే ముందు అదే గోకేత్తాను," అన్నాడు దేముడు, తలెత్తకుండానే.

అక్కడి నుంచి ఖల్లికోటలో పుణ్యవతి షెడ్డుకు వచ్చారు. లక్ష్ముడు గుమ్మంలో చెప్పులు విడిచి, లేతును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు మాట్లాడాడు. "ఇరవయ్యేళ్ళు గురువుగారి కాడ పని సేసినాను. ఇది మా అమ్మనాంటిది బాబూ. ఆ దేముడుగాడే ఏదో సేసుంటాడు."

రామచంద్రరావు మోకాళ్ళ మీద కూర్చుని లేతు చుట్టూ వెతికాడు. డిటెక్టివు కాకముందు ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. ప్రతి పెద్ద భాగం మీదా వేలెడంత చోట ఆకురాయి గీతలు కనబడ్డాయి. ఆ గీతలు తెలియకుండా లేతంతా గరుకు కాగితంతో రుద్దేశారు. లేతు భాగాలన్నీ కూర్చునే ఇనుప పీఠం, అదే బెడ్డు, దాని కుడి కొసన మాత్రం, ఏటేటా దసరా పూజకు పెట్టిన పసుపు కుంకుమలు చమురుతో కలిసి మందంగా పేరుకుపోయి, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"అది కడగరా?" అని పుణ్యవతిని అడిగాడు.

"పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెడతాం బాబూ. మాయన మాట అది. ఇంటోళ్ళం తప్ప ఎవులూ ముట్టకూడదు," అంది పుణ్యవతి.

శుక్రవారం షెడ్డులో తహసీల్దారు ముందు అందరూ చేరారు. నీలకంఠం రసీదు చేత పట్టుకుని ధీమాగా నిలబడ్డాడు.

రామచంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటి పాతకాలపు లేతుల్లో భాగాలను ఒకదానికొకటి చేత్తో గీసి అమర్చేవారు. ఒక మిషను భాగం ఇంకో మిషనుకు అతకదు. అందుకే ప్రతి భాగం మీదా అదే నంబరు కొట్టేవారు. ఇక్కడ ఆ నంబర్లన్నీ అరగదీసి, కొత్త రేకు బిగించారు. కానీ బెడ్డు మీద నంబరు ఉండేది ఈ కుడి కొసన, బొట్టు కింద. అమ్మా, ఆ బొట్టు మీరే తుడవండి."

పుణ్యవతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దండం పెట్టుకుని, నూనె గుడ్డతో మెల్లగా రుద్దింది. ఇనుములోంచి అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి: 1873.

తహసీల్దారు వంగి రెండుసార్లు చదివాడు. నీలకంఠం దేముడి వైపు వేలు చూపించి, "ఈడే, నాకు తెలీకుండా..." అన్నాడు.

"దేముడైతే ముందు ఈ బొట్టే గోకేసేవాడు, అది అతని రోజువారీ పని," అన్నాడు రామచంద్రరావు. "మిగతా నంబర్లన్నీ వెతికి అరగదీసినవాడికి ఇక్కడా నంబరుందని తెలుసు. అయినా గురువుగారి బొట్టు మీద చెయ్యి పడలేదు. అంతేనా లక్ష్ముడూ?"

లక్ష్ముడు తల దించుకున్నాడు. "గురువుగారెనక ఇది నాకొస్తాదనుకున్నాను బాబూ. అమ్మగారే తొక్కడం మొదలెట్టారు. బరంపురంలో షెడ్డు ఏసి ఇది నా సేతికే ఇస్తానని నీలకంఠంగారన్నారు. ఆకురాయి మూడుమాట్లు ఆ బొట్టుదాకా ఎట్టాను. సెయ్యి రానేదు."

బాబూరావుకు తన తొందరపాటు తలచుకుని సిగ్గేసింది. లక్ష్ముడి మీద కోపం రావాల్సింది పోయి, జాలేసింది. నీలకంఠాన్ని తహసీల్దారు వెంట వచ్చిన జవాన్లు తీసుకుపోయారు. తహసీల్దారు లక్ష్ముడి వంక, తరవాత పుణ్యవతి వంక చూశాడు.

"ఈడిని ఇప్పుడే తీసుకెల్లకండి బాబూ," అంది పుణ్యవతి. "గరుకు కాగితం రుద్దీసరికి బెడ్డు పాడయింది. పిన్ను తీత్తే ఒక కొస లావు, ఒక కొస సన్నం వత్తంది. దీన్ని మళ్ళీ గీసి సరిసెయ్యడం ఈ జిల్లాలో ఈడికొక్కడికే వొచ్చు."

లక్ష్ముడు తలెత్తాడు. ఆ కళ్ళల్లో ఆశ చూసి ఆమె మొహం తిప్పుకుంది.

"సేసెల్లు. ఆ తరవాత ఈ గుమ్మం తొక్కకు."

పది రోజులు, ఒక జవాను కాపలాలో, లక్ష్ముడు బెడ్డును వెంట్రుకవాసి చొప్పున గీశాడు. పదకొండో రోజున పుణ్యవతి లేతు తొక్కి పిన్ను తీసి, రెండు కొసలూ కొలిచింది. సరిపోయాయి. ఆమె ఆ సంగతి పైకి చెప్పలేదు. లక్ష్ముడు ఆమె మొహం చూసి తెలుసుకుని, చెప్పులు వేసుకుని జవాను వెంట వెళ్ళిపోయాడు.