జాలీ మీద పచ్చ ప్యాకెట్

"దీనికి ఊపిరాడటం లేదు మేడమ్," అన్నాడు పో-యెన్, సీపీయూ డబ్బా పక్క మూత ఊడదీసి.

"ఈ సందులో అందరికీ అదే జబ్బు. ముందు దాన్ని బతికించు," అంది వాన్-రూ.

తొలిచూపు అంటారే, అది ఇలా జరిగింది. చూపులు కలవలేదు. అతను ప్రాసెసర్ మీద ఫ్యాన్‌ని చూస్తున్నాడు, ఆమె గడియారాన్ని చూస్తోంది. బయట వాన పడుతోంది. తైపేలో వాన పడటం వార్త కాదు కాబట్టి దాన్నీ ఎవరూ చూడలేదు.

సంగతేంటంటే, మా సందును కూలగొట్టి మేడ కడతానని ఒక బిల్డర్ దిగాడు. దానికి పునరుద్ధరణ అని పేరు పెట్టాడు. శుక్రవారం నగర కార్యాలయంలో బహిరంగ విచారణ. వాడి దగ్గర మెరిసిపోయే సినిమా ఉంది: చెట్లు, పిల్లలు, నవ్వే ముసలమ్మలు. మా ముసలమ్మల్లో ఒక్కరూ అందులో లేరు. వాళ్ల మాటలన్నీ మా అద్దెదారుల సంఘం కార్యదర్శి వాన్-రూ రికార్డు చేసి పెట్టింది. వాటిని కూర్చి తనూ ఒక సినిమా తీసుకెళ్లాలి. నూడుల్స్ కొట్టు హుంగ్ అమ్మమ్మని మోకాళ్లు సందు దాటనివ్వవు. ఆమె విచారణకి వెళ్లాలంటే ఆ సినిమాలోనే వెళ్లాలి.

కంప్యూటరేమో వీడియో పని మొదలెట్టగానే వేడెక్కి ఆరిపోతోంది. అందుకే కంప్యూటర్ బజారు నుంచి పో-యెన్‌ని పిలిపించింది.

అతను దుమ్మంతా ఊదాడు. ప్రాసెసర్ వేడిని లాగాల్సిన పేస్టు ఎండి బీటలిస్తే తుడిచాడు. బియ్యపుగింజంత కొత్త పేస్టు ప్రాసెసర్ మీద పెట్టి ఫ్యాన్ బిగించాడు. తెర మీద వేడి అంకె బుద్ధిగా దిగింది. అప్పుడు సంచీలోంచి మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఒకటి తీశాడు. పచ్చది. గడువు తేదీ చూశాడు. రెండు చేతులతో డబ్బా నెత్తిన పెట్టి, కాస్త వంగాడు.

వాన్-రూకి అదేంటో తెలుసు. ఆ ప్యాకెట్ పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. ఇక్కడ యంత్రాలు మొరాయించకుండా దాన్ని నెత్తిన పెడతారు; బ్యాంకు యంత్రం దగ్గర్నుంచి ఆసుపత్రి యంత్రం దాకా దాని కింద బతకాల్సిందే.

"నేను మూఢనమ్మకాలకి వ్యతిరేకిని," అంది.

"నేనూ అంతే మేడమ్. ఇది నమ్మకం కాదు, పద్ధతి. పచ్చదే ఉండాలి. పచ్చ లైటు వెలిగితే నడుస్తున్నట్టు కదా. పసుపు వద్దు. ఎరుపు అసలే వద్దు. గడువు దాటకూడదు. ఎవరూ తినకూడదు."

"తింటే?"

"మెల్లగా మాట్లాడండి. అది వింటుంది."

అతని గొడుగు సందు మలుపు తిరిగిందో లేదో కంప్యూటర్ ఆరిపోయింది.

"మేస్త్రీ గారూ, పోయింది," ఫోన్లో అంది.

"నేనున్నప్పుడు బాగానే ఉంది కదా మేడమ్?"

"అదే నా బాధ. నువ్వుంటేనే నడిచేదైతే నిన్నే కొనుక్కునేదాన్ని."

వచ్చాడు. ప్యాకెట్ దించి బల్ల మీద పెట్టాడు. మూత తీశాడు. కంప్యూటర్ చల్లగా, ఏమీ ఎరగనట్టు పనిచేసింది. మధ్యాహ్నమంతా కాపలా కూర్చున్నాడు. ఆమె సినిమా కూర్చుకుంది. సాయంత్రం మూత బిగించి, ప్యాకెట్ నెత్తిన పెట్టి, వంగి, వెళ్లాడు. ఆరిపోయింది.

మర్నాడు కొత్త ఫ్యాన్ తెచ్చాడు. ఇంకా పెద్ద ప్యాకెట్ కూడా తెచ్చాడు.

సంఘం ఆఫీసంటే హుంగ్ అమ్మమ్మ నూడుల్స్ కొట్టు వెనక గదే. ఆమె గిన్నె పట్టుకుని తొంగిచూసింది. "ఆ అబ్బాయి ఉంటేనే పెట్టె బతుకుతోంది పిల్లా. దానికున్న తెలివి నీకు లేదు."

"కరెంటు మనుషుల్ని గుర్తుపట్టదు అమ్మమ్మా!"

"మరి ఎందుకు నడుస్తోంది?"

కార్పొరేటర్ని నిలబెట్టి అడిగేసే వాన్-రూని అమ్మమ్మ నిలబెట్టి అడిగేసింది. ఆ కోపం పో-యెన్ మీద చూపించింది.

"నీ ఇల్లెక్కడ?"

"ఉండేది మేడమ్. పునరుద్ధరించారు. ఇప్పుడక్కడ మేడ, దాని ముందు ఫౌంటెన్ ఉన్నాయి."

"బాగుందా ఫౌంటెన్?"

"బాగుందట. మమ్మల్ని లోపలికి రానివ్వరు."

ఆమె మౌస్ వదిలేసింది. ఆ రోజు మొదటిసారి అతని ముఖం చూసింది. కుడి చెవి దగ్గర పేస్టు అంటుకుని ఉంది. చెప్పలేదు. ఉండనిచ్చింది.

గురువారం అతను రాలేదు. కంప్యూటర్ కొట్టు యజమాని అతన్ని ఊరి బయట ఏదో బడికి రిపేరుకి పంపాడు. కంప్యూటర్ పొద్దున్నే ఆరిపోయింది. సినిమా సగంలో ఉంది. హుంగ్ అమ్మమ్మ నోరు తెరిచిన చోట తెర నల్లబడింది.

వాన్-రూకి ఒళ్లు మండింది. ఆకలి కూడా వేసింది. పెద్ద ప్యాకెట్ లాక్కుని, చించి, కసితో మొత్తం తినేసింది. కంప్యూటర్ ఆన్ చేసింది.

నడిచింది. మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంది.

డబ్బా మీద చెయ్యి పెట్టింది. అది ఇంటర్నెట్ కేఫ్ వాళ్లు పారేసిన పాత డబ్బా. నెత్తినంతా చిల్లుల జాలీ. అందులోంచి వేడిగాలి అరచేతికి కొట్టింది. ఇంతకాలం లోపలి వేడి పోవాల్సిన దారి అదే. ఆ దారి మీదే ప్యాకెట్.

తర్వాత సినిమా పూర్తి చేసింది.

శుక్రవారం విచారణ గది గోడ మీద, సినిమాలో, హుంగ్ అమ్మమ్మ మాట్లాడింది: "నా కొట్టు పాతదే. నేనూ పాతదాన్నే. నన్ను కూడా కూలగొట్టి కొత్తగా కడతారా?" అధికారులు కాగితాల వంక చూసుకున్నారు. ఇంటింటికీ వెళ్లి మళ్లీ అడిగేదాకా కూల్చివేత ఆపమన్నారు. అది గెలుపు కాదు, గడువు. గడువుతో చాలా చెయ్యొచ్చు.

శనివారం వాన్-రూ ఫోన్ చేసింది. "మేస్త్రీ గారూ, మళ్లీ వేడెక్కింది."

పో-యెన్ వానలో తడుస్తూ వచ్చాడు. గొడుగు మర్చిపోయాడు, పనిముట్లు కూడా మర్చిపోయాడు. తెర మీద అంకె తొంభై దాటింది. డబ్బా నెత్తి వంక చూశాడు.

ప్యాకెట్ ఉంది. ఎరుపుది.

"ఇది నేను పెట్టింది కాదు," అన్నాడు.

"కాదు."

ప్యాకెట్ ఎత్తాడు. వేడిగాలి ముఖానికి కొట్టింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. అతని చెవులు ప్యాకెట్ రంగుకొచ్చాయి.

"ఇన్నాళ్లూ దీని గొంతు నొక్కింది నేనా?"

"రెండు చేతులతో. వంగి దండం పెట్టి మరీ."

"మా కొట్లో డబ్బాలకి పైన జాలీ ఉండదు మేడమ్. అలవాటు చొప్పున... మీకెప్పుడు తెలిసింది?"

"గురువారం. ప్యాకెట్ తినేశాక."

"తిన్నారా!"

"కొబ్బరి రుచి. పర్లేదు."

అతను బెంచీ మీద కూర్చున్నాడు. "తెలిసి మళ్లీ ఎందుకు పెట్టారు? అదీ ఎరుపు!"

"ఎరుపు మా సంఘం జెండా రంగు."

"నేనడిగింది రంగు గురించి కాదు."

మైకు లేకుండా వీధంతా వినపడేలా మాట్లాడే మనిషి, తెర మీద లేని దుమ్ము తుడవడం మొదలెట్టింది.

"అడిగినదానికి చెప్పవే!" కొట్లోంచి హుంగ్ అమ్మమ్మ అరిచింది. "నూడుల్స్ చల్లారిపోతున్నాయి!"

"ఇది పాడైతేనే కదా నువ్వు వస్తావు," అంది వాన్-రూ.

పో-యెన్ ఆలోచించాడు. ఎర్ర ప్యాకెట్‌ని తిరిగి జాలీ మీద, సరిగ్గా మధ్యలో పెట్టాడు.

"అయితే రేపు కూడా పాడవుతుంది."

"వద్దు. సంఘం సొత్తు." ఆమె ప్యాకెట్ లాక్కుని చించి, అతని ముందుకు చాపింది. "ఊరికే రా."

యంత్రం మీద పెట్టినదాన్ని అతనెప్పుడూ తినలేదు. ఒకటి తీసుకుని నమిలాడు. తెర మీద అంకె దిగడం మొదలైంది.

"వస్తాను," అన్నాడు. "నువ్వు పచ్చది కూడా ఒకటి కొనిపెట్టు. జాలీ మీద కాదు, పక్కన పెడదాం."

మేడమ్ అనడం మర్చిపోయాడు. ఆమె గుర్తుచెయ్యలేదు.

"మూఢనమ్మకం," అంది.

"పద్ధతి," అన్నాడు.

ఆమె వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. అతని చెవి దగ్గర మళ్లీ పేస్టు అంటుకుని ఉంది. ఈసారి తుడిచింది.