బందరులో మూడు రోజులు

"ఒకటి తక్కువుండాది," అంది ఆ అమ్మాయి.

ఖైసర్ పళ్ళ మధ్య గుండుసూదులు అట్లాగే పట్టుకుని తలెత్తాడు. "ఏంది మేడమ్ తక్కువుండాది?"

"చక్రంలో ఆకులు. ఇరవై నాలుగు ఉండల్ల. ఇరవై మూడే ఉండాయి."

బందరులో ఒక హైస్కూలు వరండా అది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లవుతున్న ఆ ఆగస్టులో, డెబ్బై అయిదు మీటర్ల మువ్వన్నెల గుడ్డ పట్టుకుని సముద్రం ఒడ్డున నడవాలని ఒక సంఘం వాళ్లు అనుకున్నారు. జిల్లాకు ఇద్దరు టైలర్లనూ కొందరు కాలేజీ పిల్లలనూ పిలిపించారు. నడిమి ముక్క, దాని మీద చక్రం, చిత్తూరు జిల్లాకు పడ్డాయి. అంటే పుంగనూరు ఖైసర్‌కు పడ్డాయి.

పొద్దుటి నుంచి నడుం వంచి కుట్టిన చక్రం అది. పదేళ్లుగా షేర్వానీలు కుడుతున్నా ఒక్కరూ వంక పెట్టింది లేదు. ఒళ్లు మండింది.

"క్యా నఖ్రే!" అని గొణిగాడు, ఏం టెక్కులో అన్నట్టు. ఆమెకు ఉర్దూ రాదనుకున్నాడు; బొట్టు లేని ఆ నుదురునూ, మెడలోని దుపట్టానూ అప్పటికింకా సరిగ్గా చూడలేదు.

"నఖ్రే నై మియాఁ, గిన్తీ," అంది ఆమె చప్పున. టెక్కులు కావు, లెక్క అని.

వెనక కాలేజీ పిల్లలు గొల్లుమన్నారు. ఖైసర్ చెవులు ఎర్రబడ్డాయి. వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై మూడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై మూడే.

చక్రమంతా విప్పక తప్పలేదు. ఆమె ఎదురుగా కూర్చుని, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపసాగింది.

"మీకేం పని లేదా మేడమ్?"

"తప్పు చూపించినదాన్ని సాయం చేయొద్దా? నా పేరు హఫ్సా. మాది కుప్పం. ఎం.ఏ. హిస్టరీ అయిపోయింది. ఇంకేమైనా అడగల్లనా టైలర్ సాబ్?"

అడగాలనే ఉంది. తల వంచుకుని తనూ కుట్లు తెంపసాగాడు.

మర్నాడు మధ్యాహ్నం పని తెమిలాక అందరూ బందరుకోట చూడ్డానికి వెళ్లారు. కూలిన గోడల మధ్య హఫ్సా ముందు నడుస్తూ చెప్పుకుపోయింది. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఈ ఊరికి వచ్చేవనీ, ఇక్కడి అద్దకం బట్టల కోసం దొరలు పోట్లాడుకునేవారనీ.

"బందరంటే నాకు లడ్డూ ఒకటే తెలుసు," అన్నాడు ఖైసర్.

హఫ్సా ఆగి నవ్వింది. "ఓడలు లడ్డూల కోసం రాలేదు సాబ్. గుడ్డ కోసం వచ్చినాయి. మీ మాదిరి పనోళ్ల కోసం."

టెన్త్ తప్పి మిషను ఎక్కినవాడితో అంత గౌరవంగా ఎవరూ మాట్లాడలేదు. వాన మొదలైంది. ఒకే చూరు కింద అందరూ ఇరుక్కున్నారు. ఆమె దుపట్టా అంచు తడిసి అతని మోచేతికి తగులుతోంది. జరగడానికి చోటుంది. ఇద్దరూ జరగలేదు.

పదిహేనో తారీఖు పొద్దున మంగినపూడి తీరం. ఖైసర్ సముద్రం చూడ్డం అదే మొదలు. గుడ్డకు ఇవతలి అంచు అతని చేతుల్లో, అవతలి అంచు ఆమె చేతుల్లో, మధ్యన నీలంగా చక్రం. గాలికి గుడ్డ పైకి లేచినప్పుడు ఆమె కనపడేది కాదు. దిగినప్పుడు కనపడేది, ఇటే చూస్తూ. వేలమంది ఒక్కసారిగా జైహింద్ అన్నప్పుడు అతనూ గొంతెత్తి అరిచాడు. ఎవరికోసమో, దేనికోసమో తెలియలేదు.

సాయంత్రం బస్సుల దగ్గర ధైర్యం చేశాడు. "నంబరు ఇస్తారా?"

"ఇయ్యను," అంది. అతని ముఖం వాడిపోవడం చూసి గొంతు తగ్గించింది. "ఇస్తే మెసేజులు పెడతారు. నేనూ పెడతా. ఆడికే అయిపోతాది. కుప్పంలో పరుపుల ముక్తియార్ అంటే ఎవురైనా ఇల్లు చూపిస్తారు. చెప్పాల్సిందేమైనా ఉంటే వచ్చి మా అబ్బాకు చెప్పండి."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె వెనక్కి చూస్తూనే ఉంది.

చెప్పినంత సులువు కాలేదు. పుంగనూరులో మిషను ముందు కూర్చుంటే టెన్త్ తప్పిన సంగతి ఎదురుగా వచ్చి నిలబడేది. ఎం.ఏ. చదివిన పిల్లను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? అయినా సెప్టెంబరులో ఒకసారి పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాడు. దిగి, బస్టాండులో మల్లప్ప అంగట్లో టీ తాగి, వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాడు. డిసెంబరులో మళ్లీ అంతే. రంజాను తర్వాత కొత్త చొక్కా కుట్టుకుని పోయాడు. ఆ చొక్కా మల్లప్ప ఒక్కడే చూశాడు. దారిన పోయే ప్రతి దుపట్టా వెంటా కళ్లు పరిగెత్తేవి. ఏదీ ఆమె కాదు.

బట్టలుతుకుతూ వాళ్లమ్మ షకీలా జేబులో నానిన బస్సు టికెట్లు పట్టుకుంది.

"కుప్పంలో ఎవురుండారు రా?"

చెప్పేశాడు. ఆమె చేతులు తుడుచుకుని కొడుకు ఎదురుగా కూర్చుంది.

"పోయి అడుగు. కాదంటే కాదంటారు. అడక్కుండా ఇట్లా ఉండి నువ్వు నాక్కూడా దక్కకుండా పోతాండావు."

జూలై నెల, ఒక శుక్రవారం. నాలుగోసారి దిగిన ఖైసర్‌ను చూసి మల్లప్ప గ్లాసు అందుకున్నాడు. "టీ వద్దన్నా. పరుపుల ముక్తియార్ ఇల్లు యాడ?" అన్నాడు ఖైసర్.

"ఇన్నాళ్లకు అడిగినావా అప్పా! దా, చూపిస్తా," అని మల్లప్ప స్టవ్వు ఆపేసి మరీ వెంట వచ్చాడు.

ముక్తియార్ వాకిట్లో దూది ఏకుతున్నాడు. గడ్డం నిండా దూది.

"పుంగనూరు నుంచి వస్తాండానండి. టైలర్‌ని. నా పేరు..."

ముక్తియార్ చేతిలో పని ఆగింది. "బందరు టైలరా?"

ఖైసర్ తల ఊపాడు.

"ఏడాది కావస్తాంది కదప్పా! పుంగనూరేమన్నా సముద్రం అవతల ఉండాదా?"

"నేను టెన్త్ తప్పినోణ్ణి. ఆమె ఎం.ఏ. మీరేమంటారో అని..."

"నేనేం చదివినాననుకున్నావు? ఈ దూది." పెద్దాయన గడ్డం దులుపుకున్నాడు. "హఫ్సా ఈడ లేదు. బందరు నుంచి వచ్చిన నెలకే మదనపల్లె కాలేజీలో పని దొరికింది. వారం వారం మీ ఊరి మీదుగానే పోయి వస్తాది. రెండు సంబంధాలొచ్చినాయి, వద్దనింది. పుంగనూరులో బస్సు పది నిమిషాలు నిలిస్తే కిందికి దిగి నిలబడతాదని వాళ్లమ్మతో చెప్పిందంట. ఎందుకనో నేనడగలేదు."

ఖైసర్ అరుగు మీద కూలబడ్డాడు. ఆ బస్టాండుకూ తన అంగడికీ మధ్య రెండు వీధులు. తను కుప్పంలో ఆమెను వెతుక్కుంటుంటే, ఆమె అక్కడ నిలబడి ఎదురుచూసింది. ఒక్కసారి కాదు. వారం వారం.

"నన్నడిగి లాభం లేదు. ఆ పిల్లనడుగు పో. సరే అంటే మీ అమ్మను పిల్చుకోని రా. నా నంబరు రాసుకో, నీదీ ఇచ్చి పో," అన్నాడు ముక్తియార్.

మదనపల్లె చేరేసరికి నాలుగున్నర. సన్నగా తుంపర పడుతోంది. కాలేజీ గేటు ముందు తడుస్తూ నిలబడ్డాడు. పిల్లలందరూ వెళ్లాక, చంకలో పుస్తకాలతో హఫ్సా వచ్చింది. చూసింది. ఆగిపోయింది. తెరిచిన గొడుగు పక్కకు ఒరిగి వాన ఆమె మీదా పడసాగింది.

"కుప్పం నుంచి వస్తాండా," అన్నాడు ఖైసర్. "మీ అబ్బాకు చెప్పినా. ఇప్పుడు నీకు చెప్పల్ల. నువ్వు లేకుండా నాకు బాగలేదు హఫ్సా. ఒక్కరోజూ బాగలేదు."

హఫ్సా ఒక అడుగు ముందుకు వేసింది. కళ్లు నిండిపోయాయి. పుస్తకాలతోనే అతని భుజం మీద ఒకటి కొట్టింది. ఇంకొకటి కొట్టబోయి, అక్కడే నుదురు ఆనించింది.

అప్పుడే ఖైసర్ ఫోను మోగింది. ముక్తియార్.

"చేరినావా? ఏమంటాదప్పా?"

ఖైసర్ ఆమె వైపు చూశాడు. హఫ్సా ఏడుస్తూనే నవ్వి, తల ఊపింది.

"సరే అంటాండాది అబ్బా," అన్నాడు.